ఆడపిల్లలెవరూ లేరా?

జూన్ 9, సోమవారం

పుష్పా, మావాడు కాంపౌండరు కాదు. నిన్న ఫోన్లో ఆ మాట ఒకటికి రెండుసార్లు అన్నావు. కాంపౌండర్లు సీసాలో ఎర్రనీళ్ళు పోసి, మోతాదు తెలియడానికి కాగితం ముక్క కత్తిరించి అంటించేవాళ్ళు. వాళ్ళ కాలం మన పెళ్ళిళ్ళ నాటికే అయిపోయింది. నెల్సన్ నర్సు. నాలుగేళ్ళు చదివి, పరీక్షలు రాసి, కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకున్న నర్సు. ఇది నీకు ఫోన్లోనే చెప్పవలసింది. అప్పుడు సిగ్నల్ సరిగ్గా లేదు.

సిగ్నల్ బాగానే ఉంది.

ఈ డైరీ ఎవరూ చదవరు. తాడేపల్లిగూడెంలో కూర్చున్న చెల్లెలితో మాట్లాడుతున్నట్టు రాసుకోవడం ఒక సుఖం. నువ్వు మధ్యలో అడ్డురావు.

శనివారం మధ్యాహ్నం మండవల్లి వైపు నుంచి ఒక అమ్మాయిని మావాడి ఆసుపత్రికి తెచ్చారు. పేరు తేజశ్రీ. చేపల చెరువు గట్టు మీద ఏరియేటరు స్విచ్చి వేయబోతే కరెంటు కొట్టింది. చేపలకు గాలి అందించడానికి నీళ్ళు చిలికే మిషను అది. మనుషులకు గాలి అందకుండా చేసిన సంగతి ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. వ్యాన్లో మూలుగుతూ, మాట్లాడుతూ వచ్చిన మనిషికి, క్యాజువాలిటీలో మంచం మీద పడుకోబెట్టగానే గుండె ఆగింది. డ్యూటీ డాక్టరు కిరణ్ కుమార్ లోపలిగదిలో లారీ కింద పడిన మనిషి దగ్గర ఉన్నాడు. బయట ఉన్నది నెల్సన్, ఏంజెల్ అనే నర్సమ్మాయి. ఏంజెల్ నోటి మీద గాలిసంచి పట్టుకుంది. మావాడు జాకెట్టు కత్తిరించాడు, మెడలో పుస్తెలతాడు తీసేశాడు, తడి తుడిచాడు, ఛాతీ మీద నొక్కాడు, షాకు మిషను పెట్టాడు. డాక్టరు వచ్చేసరికి గుండె కొట్టుకుంటోంది.

డాక్టరు కంటే ముందు మొగుడు వచ్చాడు. వెంకటసాయి అతని పేరు. వ్యాను పక్కకు తీయించి లోపలికి వచ్చేసరికి భార్య ఒంటి మీద జాకెట్టు లేదు, మెడలో పుస్తెలు లేవు, ఆమె మీదికి వంగి ఒక మగవాడు. "డాక్టరుగారూ, బతికించండి" అని చేతులు జోడించాడట. పక్కనెవరో "ఆయన డాక్టరు కాదయ్యా, నర్సు" అన్నారట. కాసేపు ఆగి, ఆమె కళ్ళు తెరిచాక, వరండాలోకి లాక్కెళ్ళి చెంప మీద కొట్టాడు.

నెల్సన్ ఇంటికి వచ్చి బండి మీద నుంచి పడ్డానన్నాడు. బండి మీద నుంచి పడితే వేళ్ళ ముద్రలు పడవు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, ఆ మాత్రం తెలుసు. మిగతాదంతా వాళ్ళమ్మ, మా కోడలు సిల్వియా, ఏంజెల్‌కు ఫోను చేసి రాబట్టింది.

వాడు తప్పు చేసి ఉండడు. నాకు ఏ అనుమానమూ లేదు.

జూన్ 10

నెల్సన్ అన్నం ముట్టలేదు. సిల్వియా చేసిన బెండకాయ పులుసు గనుక దీన్ని పూర్తిగా దిగులు కింద జమకట్టలేను.

నాకు ఏ అనుమానమూ లేదు.

జూన్ 12

ఇవాళ అడిగేశాను. సిల్వియా బజారుకు వెళ్ళింది. వాడు హాల్లో ఫోను పట్టుకుని పడుకున్నాడు. పక్కన ఆడపిల్ల ఉంది కదా, ఆ పనేదో ఏంజెల్ చేసి, గాలిసంచి నువ్వు పట్టుకోవచ్చు కదా అన్నాను. ఛాతీ మీద అంత బలంగా నొక్కడం తనవల్ల కాదని ఏంజెలే అందట. పుస్తెల సంగతి అడిగాను. షాకు పెట్టేచోట లోహం ఉంటే ఒళ్ళు కాలుతుందట. తీసి గాజుగుడ్డలో చుట్టి ఏంజెల్‌కి ఇచ్చాడు, ఏంజెల్ తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది. అన్నిటికీ జవాబులున్నాయి. ఫోను మీద నుంచి కళ్ళు తీయకుండా, అటెండెన్సు పలికినట్టు చెప్పాడు.

ఇంకా ఏదో మింగాడని తెలుస్తూనే ఉంది. ఏమీ అడగకుండా ఎదురుగా కూర్చున్నాను. క్లాసులో ఇది బెత్తం కంటే బాగా పనిచేసేది.

"తెర లాగడం మర్చిపోయాను మామ్మా" అన్నాడు.

మంచం చుట్టూ తెర ఉంటుంది. ఆడమనిషిని ముట్టుకునేముందు అది లాగాలి. వీడు లాగలేదు. గుమ్మం దగ్గర లారీ కేసు తాలూకు జనం నిలబడి ఉన్నారు. చూడవలసింది కాకపోయినా చూశారు. ఒకరిద్దరి చేతుల్లో ఫోన్లు కూడా ఉన్నాయట.

నాకు ఒళ్ళు మండింది. కోపం తెర గురించేనా అంటే, అవును, తెర గురించే.

జూన్ 15, ఆదివారం

చర్చిలో ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు చెప్పుల దగ్గర నాకోసం ఆగారు. నా మోకాళ్ళకు చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో వాళ్ళకు తెలుసు. తప్పించుకోలేను.

ఇన్నాళ్ళూ ఎవరైనా నెల్సన్ గురించి అడిగితే "ఆసుపత్రిలో ఉంటాడండీ" అనేదాన్ని. అందులో అబద్ధం లేదు. వీళ్ళలో షారోన్ వాళ్ళమ్మ వాణ్ణి డాక్టరనుకుని తన షుగరు రిపోర్టు నాచేత పంపింది. నేను కవరు అందించాను, అంతే. ఎవరేమనుకుంటే దానికి నేను బాధ్యురాలిని కాను. ఆవిడే ఇవాళ, పూతరేకు పొర విప్పినంత మెత్తగా అడిగింది: "మగపిల్లాడికి ఇంకేదీ దొరకలేదా అండీ?"

మన చర్చి ఆడపిల్లలు ఎంతమంది నర్సులయ్యారు పుష్పా! మిషను ఆసుపత్రుల నుంచి గల్ఫు దాకా వెళ్ళారు. ఒక్కొక్కరికీ కృతజ్ఞతా కూడిక పెట్టించాం. పాస్టరుగారు వాక్యం చెప్పారు, మనం పులిహోర పొట్లాలు పంచాం. నెల్సన్‌కు ఉద్యోగం వచ్చినప్పుడు కూడిక పెట్టలేదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయని వాయిదా వేశాను. ఆ తర్వాత వానలు కూడా ఎక్కువగానే పడ్డాయి.

ఇంటికి వస్తే నిత్యానందం ఇంకో పాట అందుకున్నాడు. ఆకివీడులో రొయ్యల మేత కంపెనీలో ఎవరో తెలిసినవాళ్ళున్నారట, సేల్సులో వేయిస్తారట. "మగాడన్నాక మగాడి ఉద్యోగం చెయ్యాలమ్మా" అన్నాడు. రొయ్యకు మేత వేస్తే మగతనం, మనిషికి మందు వేస్తే కాదు. ఈ లెక్క నా కొడుక్కు ఎవరు నేర్పారో తెలియదు. నేను నేర్పలేదు.

జూన్ 16

మంచి ఏర్పాటు ఒకటి కుదిరేలా ఉంది.

ఆసుపత్రి వ్యవహారాలు చూసే సత్యనారాయణమూర్తిగారు నిత్యానందాన్ని, నెల్సన్‌ను పిలిపించారు. వెంకటసాయి పోలీసు కంప్లైంటు ఇస్తానంటున్నాడు. మూర్తిగారు ఊరికే జుట్టు నెరిపించుకోలేదు. ఒక ఉపాయం చెప్పారు. జాకెట్టు కత్తిరించింది, పుస్తెలు తీసింది, ఛాతీ నొక్కింది అంతా డాక్టరు కిరణ్ కుమార్‌గారే, నెల్సన్ పక్కన ఉండి అందించాడంతే అని చెప్పేద్దామన్నారు. డాక్టరు ముట్టుకుంటే వాళ్ళకు అభ్యంతరం లేదు. పొరపాటున వేరే మనిషిని కొట్టానని వెంకటసాయి ఒక మాట అంటాడు. శుక్రవారం అందరినీ కూర్చోబెడతారు. నెల్సన్ అవునంటే చాలు. ఆ తర్వాత వాణ్ణి మగవాళ్ళ వార్డుకు మారుస్తారు. కాదంటే మాత్రం ఆసుపత్రి పూచీ లేదు.

ఒకే చెయ్యి. డాక్టరుదైతే దణ్ణం, నర్సుదైతే చెంపదెబ్బ. అది లోకం తీరు, మనం మార్చలేం. నేను నెల్సన్‌కు ఒప్పుకోమనే చెప్పాను. ఎవరు చేసినా ఆ పిల్ల బతికింది కదా, పేరు ఎవరికి వస్తేనేం అన్నాను.

"పేరు కోసం కాదు మామ్మా. రేపు ఇంకో ఆడమనిషి అలాగే వస్తే, నేను చేతులు కట్టుకుని డాక్టరుగారు వచ్చేదాకా చూస్తూ నిలబడాలా?"

జవాబు చెబుదామనుకున్నాను. బీపీ మాత్ర వేసుకునే టైమైంది.

జూన్ 17

మంచి ఏర్పాటే.

జూన్ 18

ఛాతీలో దడగా ఉందని సిల్వియాతో చెప్పి ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళాను. దడ నిజంగానే కాస్త ఉంది. దాంతోపాటు ఆ పిల్లను ఒకసారి చూడాలని కూడా ఉంది. చూస్తే వాడు చెప్పినదంతా నిజమని తేలుతుందని కాదు. అనుమానం లేనప్పుడు తేలడానికి ఏముంటుంది.

ఈసీజీ గదిలో మిషను పాడైందట. ఆడవాళ్ళ వార్డులోనే ఒక ఖాళీ మంచం మీద పడుకోమన్నారు. పక్క మంచమే తేజశ్రీది. పాతికేళ్ళుంటాయేమో. మెడలో పుస్తెలతాడు లేదు, పసుపుకొమ్ము కట్టిన దారం ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు పట్టుకుంటోంది. స్టూలు మీద అత్తగారు వెంకటనరసమ్మ. నేనెవరో ఆవిడకు తెలియదు. అడగకుండానే అంతా చెప్పింది. చచ్చి బతికిందండీ మా కోడలు, డాక్టరుగారి చెయ్యి చల్లగా ఉండాలండీ అంది. మూర్తిగారి ఏర్పాటు అప్పుడే వాళ్ళ చెవిన పడినట్టుంది.

"మరి ఆ నర్సబ్బాయి?" అన్నాను.

"వాడి మాట ఎత్తకండి. మగపుట్టుక పుట్టి ఆడోళ్ళ మంచాల చుట్టూ తిరిగే ఉద్యోగం ఏంటండీ? పెంచినోళ్ళు ఎలా ఒప్పుకున్నారో."

పెంచినవాళ్ళు ఎండలు ఎక్కువగా ఉన్నాయని ఊరుకున్నారని చెప్పలేదు.

ఇంతలో ఈసీజీ వైర్లు తీసుకుని ఒక అబ్బాయి వచ్చాడు. విశ్వతేజ అని బ్యాడ్జి మీద ఉంది. వచ్చీ రాగానే తెర లాగాడు. నా చీర మీదనే దుప్పటి కప్పి, "పెద్దమ్మగారూ, దుప్పటి లోపలే పై హుక్కులు రెండు వదులు చేసుకోండి" అన్నాడు. నేర్పినవాళ్ళు బాగా నేర్పారు, వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

నా నోటి నుంచి వచ్చింది ఇదీ: "ఆడపిల్లలెవరూ లేరా బాబూ?"

ఆ అబ్బాయి విసుక్కోలేదు. "ఉన్నారండీ, పిలుస్తాను" అని తెర తప్పించాడు. తెర అవతల సెలైను సీసా పట్టుకుని నెల్సన్ నిలబడి ఉన్నాడు. నేను వచ్చానని ఎవరో చెప్పి ఉంటారు, చూద్దామని వచ్చాడు. విన్నాడు. నావైపు చూశాడు. సీసాను స్టాండుకు తగిలించి వెళ్ళిపోయాడు.

పక్క మంచం దగ్గర నుంచి వెంకటనరసమ్మ మెచ్చుకుంది. "బాగా అడిగారండీ. మర్యాదస్తులు అలాగే అడగాలి. మా పిల్లకు ఆ టైముకి నోరు లేక గానండీ."

ఆడపిల్ల వచ్చి ఈసీజీ తీసింది. గుండె బాగానే ఉందట. వెంకటనరసమ్మ నీళ్ళసీసా నింపుకురావడానికి లేచినప్పుడు తేజశ్రీ నావైపు తల తిప్పింది.

"ఆయన్ని పనిలోంచి తీసేస్తారా అండీ?"

నీకేమైనా గుర్తుందా అమ్మా అన్నాను.

"అంతకుముందుది ఏం తెలీదండీ. కళ్ళు తెరిచేసరికి దుప్పటి కప్పుతున్నాడండీ. మొహం అటేపు తిప్పుకుని కప్పుతున్నాడండీ. నన్నెవరూ అడగలేదండీ."

అనుమానం ఉందని అప్పుడు తెలిసింది. పోయినప్పుడు గదా తెలిసేది.

జూన్ 19

నెల్సన్ మాట్లాడలేదు. నా మాత్రలు ఎప్పటిలాగే డబ్బాలో సర్ది, డబ్బా నా మంచం దగ్గర పెట్టి వెళ్ళాడు. రోజూ "మామ్మా, వేసుకో" అనేవాడు.

అలవాటుగా అనే మాట అది. అలవాటుగా.

జూన్ 20, శుక్రవారం

నన్నెవరూ రమ్మనలేదు. నిత్యానందం వద్దన్నాడు. ఆటో ముందు నేనే ఎక్కాను కనుక వాడు నా పక్కన కూర్చోవలసి వచ్చింది.

మూర్తిగారి గదిలో ఏసీ గట్టిగా ఉంది. డాక్టరు కిరణ్ కుమార్ బల్ల మీది అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. చిన్నవాడే, నెల్సన్ కంటే నాలుగైదేళ్ళు పెద్ద. వెంకటసాయి తల్లి పక్కన నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. అతని కుడి అరచేతికి కట్టు ఉంది. భార్యను తీగ మీద నుంచి లాగింది అతనేనట. ఏరియేటరుకు వైరు అతుకు వేసింది కూడా అతనే అయి ఉంటుంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ ముఖం చూస్తే రోజూ తనను తనే అడుగుతున్నట్టుంది.

మూర్తిగారు మెత్తగా మొదలుపెట్టి, అంతా డాక్టరుగారే చేశారని పూర్తి చేశారు. "అంతే కదా నెల్సన్?" అన్నారు.

నెల్సన్ లేచి నిలబడ్డాడు. మూర్తిగారి వైపు కాదు, వెంకటసాయి వైపు తిరిగాడు.

"తెర లాగలేదండీ. అది నా తప్పే. మీ ఆవిడ నలుగురి కళ్ళల్లో పడ్డారు. దానికి మీరు కొట్టినా పడతాను. మిగతాదంతా చేసింది నేనేనండీ. డాక్టరుగారు కాదు. మళ్ళీ అలాంటి మనిషి వచ్చినా చేస్తాను, తెర లాగి చేస్తాను."

నిత్యానందం కళ్ళు మూసుకున్నాడు. మూర్తిగారు నీళ్ళు తాగారు. వెంకటనరసమ్మ మాత్రం వెనక్కి తగ్గలేదు. గదిలో తన పక్షాన ఎవరున్నారా అని చూసింది, నేను కనిపించాను.

"ఈ అమ్మగార్ని అడగండి. పెద్దావిడ, చదువుకున్నావిడ. మొన్న వార్డులో ఆవిడ కూడా మగోణ్ణి పొమ్మని ఆడపిల్లనే పిలిపించుకున్నారు. ఆవిడకున్న సిగ్గు మా పిల్లకుండదా?"

అందరూ నావైపు చూశారు. నెల్సన్ తప్ప.

ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన నోరు. ఆ నిమిషంలో మొదటి వాక్యం దొరకలేదు. లేచి నిలబడితే దొరుకుతుందేమోనని లేచాను.

"నిజమేనమ్మా, అడిగాను" అన్నాను. "నా గుండె కొట్టుకుంటోంది కాబట్టి అడిగాను. ఇంటి నుంచి ఆటోలో వచ్చి, తీరిగ్గా పడుకుని, ఎవరు ముట్టుకోవాలో బేరమాడాను. మీ కోడలికి ఆ తీరిక లేదు. గుండె ఆగి ఉంది. ఆవిడ బతికి, మీరు మెచ్చుకునే ఆ సిగ్గు పడగలుగుతోందంటే, ఎవరి కోసమూ ఆగకుండా ఈ అబ్బాయి చెయ్యి వేశాడు గనుక. ఈ అబ్బాయి నా మనవడు. నర్సు."

చివరి మాట కాస్త గట్టిగా వచ్చినట్టుంది. బయట వరండాలో ఎవరో ఆగి చూశారు.

వెంకటసాయి డాక్టరు వైపు తిరిగాడు. "మీరు చెయ్యలేదాండీ?" అని అడిగాడు. కిరణ్ కుమార్ మూర్తిగారి వైపు ఒకసారి చూసి, "నేను వచ్చేసరికి గుండె కొట్టుకుంటోందయ్యా" అన్నాడు. ఆ మాట అనడానికి ఆ కుర్రవాడికి ఎంత ఖర్చవుతుందో నాకు తెలియదు.

వెంకటసాయి క్షమించమనలేదు. కంప్లైంటు మాట కూడా ఎత్తలేదు. కట్టు ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, "అమ్మా, రా" అని తల్లిని తీసుకుని వార్డు వైపు వెళ్ళాడు. వెంకటనరసమ్మ గుమ్మం దాటుతూ నన్ను చూసిన చూపు గురించి రాయను. ఆవిడ నన్ను నమ్మింది, పాపం.

జూన్ 23

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. నెల్సన్ ఇక రానక్కర్లేదట. సంస్థ మాట నిలబెట్టనివాడితో కష్టమట. చాలా మర్యాదగా చెప్పారు. "మీ ఆరోగ్యం ఎలా ఉందండీ" అని నన్ను కూడా అడిగారు.

నిత్యానందం మళ్ళీ ఆకివీడు అన్నాడు. సిల్వియా చేతిలో గరిటె ఉంది. ఇంకోసారి అనలేదు.

జూన్ 26

మీ తాడేపల్లిగూడెంలో ఒక ఆసుపత్రిలో మనిషి కావాలని విశ్వతేజ చెప్పాడట. నెల్సన్ నిన్న వెళ్ళి మాట్లాడి వచ్చాడు. జీతం తక్కువ. మగవాళ్ళ వార్డు ఇస్తామంటే, క్యాజువాలిటీ అయితేనే చేరతానన్నాడు. ఎందుకు మానేశావని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాడట. వాళ్ళు కాసేపు ఆలోచించుకుని సరేనన్నారు. ఆ కాసేపు ఎలా గడిచిందో వాడు చెప్పలేదు.

సాయంత్రం బీపీ మిషను పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. ఎనిమిది రోజులుగా ఆ మిషను ముట్టనివాడు. గుమ్మంలో నిలబడి, "చూడనా? ఎవరైనా ఆడపిల్లని పిలవమంటావా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడో, కాదో, వెనక వెలుతురుండి ముఖం కనిపించలేదు. నేను చెయ్యి చాపాను. పట్టీ చుట్టాడు. బీపీ ఎక్కువే ఉంది. ఉప్పు తగ్గించమన్నాడు. ఇద్దరం ఉప్పు గురించే మాట్లాడుకున్నాం.

పుష్పా, రేపు పొద్దున్న నీకు ఫోను చేస్తాను. ఇక్కడ రాసుకుంటే తడబడకుండా చెప్పగలను. వాడు ఆదివారం సాయంత్రం రైలుకు దిగుతాడు, మీ ఇంట్లోనే ఉంటాడు. ఈలోగా నువ్వొక పని చేసిపెట్టు. మీ వీధి మలుపులో ఇస్త్రీ బండి అతను ఉన్నాడు కదా, అతనితో ముందే మాట్లాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, రోజు విడిచి రోజు ఒక జత. పొద్దుటి డ్యూటీ ఉంటే ముందురోజు చీకటిపడేలోగా అందాలి. ఎవరి బట్టలని అడుగుతాడు. నర్సు బట్టలని చెప్పు. చేతిలో చొక్కా పట్టుకుని కూడా ఏ అమ్మాయివి అని అడుగుతాడు. మా అక్క మనవడి బట్టలని చెప్పి, మడతపెట్టకుండా హ్యాంగరుకు తగిలించి ఇమ్మను.